బొటనవేలంత మచ్చ

తమ్ముడికి అన్న మీద ఒకటే గుర్రు. పంటకి తెగులొచ్చిందని నిన్న పుట్టగొడుగుల షెడ్డులో తన సగం వాటా అన్న పేర రాసిచ్చి లేస్తుంటే, కాఫీ తాగి వెళ్ళరా అని కూడా అనలేదు. తెగులు పట్టిన షెడ్డు నెత్తికెత్తుకున్న దిగులులే అని సర్దుకుని, తన బూట్లు తీసుకెళ్దామని అన్న ఇంటికి వచ్చాడు.

వంటింట్లో వదిన ఆ షెడ్డు పుట్టగొడుగులే వేయించి అన్నకూ పిల్లలకూ వడ్డిస్తోంది.

తమ్ముడు ఒక్క అంగలో వెళ్ళి పిల్లల కంచాలు లాగేశాడు. "మతిపోయిందా వదినా? బుట్టనిండా గోధుమరంగు మచ్చలు కనబడట్లా? తెగులది."

"తెగులైతే జిగటొస్తుంది మరిదీ. ఇది వేలు నొక్కుకున్న చోట రంగు తిరగడం, అంతే." బుట్టలోంచి ఒకటి తీసి కోసి చూపించింది. లోపల తెల్లగా ఉంది. "తింటే ఏం కాదు. కొనేవాడే వద్దంటాడు."

తమ్ముడు బుట్టలోకి చూశాడు. ప్రతిదాని నెత్తినా ఒకటే మచ్చ, బొటనవేలంత.

"నెల్లాళ్ళు నొక్కానురా," అన్నాడు అన్న, నములుతూనే. "వేలు వాచిపోయింది. ఆ కంచాలిటివ్వు, పిల్లలు ఆకలి మీదున్నారు."

తమ్ముడు కంచాలు ఇచ్చేశాడు. నిన్న ఇచ్చింది సగం షెడ్డు, దాని కింద పద్దెనిమిది సెంట్ల నేల.