అడ్డొచ్చిన ఎలుగుబంటి

ఎలుగుబంటి మళ్లీ అడ్డంగా వచ్చి నిలబడింది. దర్జీ కుడికి జరిగితే అదీ కుడికి జరిగింది, ఎడమకి వంగితే అదీ వంగింది. ఊరేగింపు చూడ్డానికి వచ్చిన జనం పగలబడి నవ్వారు. ఆయనకి మాత్రం ఒళ్లు మండింది. ఆ ఎలుగుబంటి వేషం వెనకే నాట్యం చేసే అమ్మాయిలు వరసగా సాగిపోతున్నారు, ఒక్క మొహమూ సరిగ్గా కనపడలేదు.

ఆయనకి ఏదీ అంతుపట్టడం లేదు. సినిమా పేరెత్తితేనే విసుక్కునే భార్య, సెలవులకి సినిమాలు తీసే ఈ ఊరే వెళ్దామని పట్టుబట్టింది. జనంలో ఊపిరాడదనే మనిషి, జబ్బ పట్టుకుని లాక్కొచ్చి మరీ ముందు వరసలో నిలబెట్టింది. తీరా చూస్తే ఎలుగుబంటికీ మొగుడికీ కలిపి ఫోటోలు తీస్తూ కూర్చుంది.

"ఇంత దూరం వచ్చింది ఈ ఎలుగుబంటి కోసమా?"

"అవును," అంది భార్య.

వెటకారమనుకున్నాడు. సినిమాల్లో నాట్యం చేస్తానని కూతురు ఇల్లు వదిలి వచ్చింది ఈ ఊరికే. గుమ్మం దాటుతున్న పిల్లతో, ఇక నీ మొహం నాకు చూపించకు అన్నాడాయన. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఆ పూటే తెలిసింది. రెండేళ్లుగా ఆ మాట గుండెల్లో ముల్లై కూర్చుంది. పైకి వేడుక చూస్తున్నట్టు నటిస్తూ, కనపడ్డ ప్రతి ఆడపిల్లలోనూ కూతుర్నే వెతుకుతున్నాడు. భార్య అడిగితే మాత్రం, బట్టల కుట్టు చూస్తున్నానన్నాడు.

మధ్యాహ్నం స్టూడియోకి వెళ్లారు. ముందు నుంచి మేడలు, వెనక్కి వెళ్తే ఉత్త చెక్కలూ మేకులూ. ఆ అట్టగోడల వీధి మలుపులో ఎలుగుబంటి మళ్లీ తయారైంది. ఈసారి ఏకంగా చెయ్యి పట్టుకుంది. విదిలించుకోబోతూ, దాని భుజం మీది చిరుగుకి వేసిన కుట్టు చూసి ఒక్క క్షణం కోపం మర్చిపోయాడు. దారం పైకి కనపడటం లేదు. పని తెలిసినవాళ్లెవరో వేశారనుకున్నాడు. ఇటు తిరిగేసరికి భార్య కళ్లు తుడుచుకుంటోంది. ఏమిటంటే దుమ్ము పడిందంది.

అంతలో ఆ వీధిలోంచి సాగుతున్న నాట్యం అమ్మాయిల ఆఖరి జట్టు కూడా వెళ్లిపోయింది. కూతురు అందులోనూ లేదు. దర్జీ అక్కడే ఉన్న బల్ల మీద కూలబడ్డాడు. ఎలుగుబంటి మాత్రం చెయ్యి వదల్లేదు.

"వదులు నాయనా. మా అమ్మాయి కోసం చూస్తున్నా. కోపంలో అనరాని మాట అన్నాను. ఒక్కసారి కనపడితే చాలు నాకు."

ఎలుగుబంటి ఆటలు కట్టిపెట్టి, ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇంతసేపూ వెంటబడ్డావు. ఆ తల తీసి ఒక మాటైనా మాట్లాడు బాబూ."

అది రెండు చేతులూ తలకాయ దాకా ఎత్తి, మళ్లీ దించేసుకుంది. లోపలి నుంచి వెక్కిళ్ల మధ్య ఒక గొంతు వచ్చింది.

"మొహం చూపించద్దన్నావుగా నాన్నా."