హెర్మీన్ పెద్దమ్మ తలగుడ్డ

బంతిని సున్నపు చుక్క మీద పెట్టి రోషెల్ తలెత్తింది. ఎదురుగా ఉన్న గోల్‌కీపర్ సావిత్రి వైపు చూడనే లేదు. ఆమె వెనక, వల అవతల, మడత కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ తలగుడ్డ వైపు చూసింది.

గంజికి అట్టలా బిగిసిన నీలం గళ్ళ గుడ్డ. పెద్దమ్మ దాన్ని సర్దుకుంటున్నట్టు చెయ్యి పెట్టింది. దాని కొస మైదానం పక్కనున్న నది వైపు తిరిగింది.

రోషెల్ నది వైపే కొట్టింది. సావిత్రి కూడా అటే దూకింది. ఆమె వేళ్ళు బంతికి తగిలాయి. అయినా బంతి ఆగలేదు. ఆ వేళ్ళను తోసుకుంటూ పోయి వలలో పడింది.

సూరినామ్ రాజధాని పారామారిబోలో ఆడవాళ్ళకు తలగుడ్డ ఉత్త గుడ్డ కాదు. మొగుడి మీద అలిగితే ఒక మడత, ఊరి నోళ్ళను 'వాగనీ' అనడానికి ఇంకో మడత. హెర్మీన్ పెద్దమ్మ ఇరవై ఏళ్ళుగా నది ఒడ్డు బజారులో ఆ మడతలే కట్టి అమ్ముతోంది. అద్దం అక్కర్లేదు, ఆమెకు వేళ్ళు చాలు. మూడేళ్ళ కిందట, రోషెల్ పెనాల్టీ అంటేనే వణికే రోజుల్లో, ఎవరికీ తెలియని కొత్త మడత ఒకటి కట్టింది.

"గోల్‌కీపర్ల కళ్ళు అబద్ధం చెబుతాయే, మడమలు చెప్పవు. మడమల సంగతి నేను చూసుకుంటా. కొస ఎటుంటే అటు కొట్టు. ఇంకేం ఆలోచించకు."

అప్పటినుంచి ప్రతి ఆటకూ వచ్చేది. విరామంలో రోషెల్ భుజం పట్టుకుని, కుర్చీతో సహా అవతలి గోలు వెనక్కి మారేది. ఈ రోజుతో ఇరవై పెనాల్టీలు, పందొమ్మిది గోల్సు. తప్పిన ఆ ఒక్కటీ పెద్దమ్మ జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజుది.

ఆట ముగిశాక, నెదర్లాండ్స్ క్లబ్బు నుంచి వచ్చిన పొడుగాటి ఆవిడ నేరుగా పెద్దమ్మ దగ్గరికే వచ్చి చెయ్యి చాచింది. పెద్దమ్మ కదలలేదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

రోషెల్‌కు తల కొట్టేసినట్టయింది. "పెద్దమ్మా! ఆవిడ చెయ్యి చాచింది!"

"చాచనీ. పిల్లను తీసుకుపోయేవాళ్ళు ముందు నోరు తెరిచి అడగాలి."

ఆవిడ నవ్వి, నోరు తెరిచే అడిగింది. "పోయినేడు మా జట్టు పెనాల్టీలు తప్పడం వల్లే కప్పు పోగొట్టుకుంది. ఇరవైకి పందొమ్మిది కొట్టే అమ్మాయి మాకు కావాలి. పంపిస్తారా?"

"నన్నడుగుతారేం? కాళ్ళు దానివి."

ఇంటికి నడుస్తుంటే పెద్దమ్మ ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "ఊఁ, మొదటి నిమిషం నుంచి చెప్పు."

"నువ్వక్కడే ఉన్నావుగా!"

"నేను ఉన్నది వేరు. నీకెంత అర్థమైందో వినాలి."

రోషెల్ అంతా చెప్పింది. చివర్లో గొణిగింది. "సావిత్రి కూడా నది వైపే దూకిందే? నీ లెక్క తప్పిందా?"

"దొంగది, ఆఖరి క్షణంలో మడమ మార్చింది. గోలయిందా, లేదా?"

"అయింది."

"మరింకేం ఏడుపు?"

ఆరు వారాల్లో కాగితాలన్నీ వచ్చేశాయి. పెద్దమ్మ పెట్టెలో బూట్లు సర్దించింది, కోడిమాంసం పెట్టి కాల్చిన దుంపల వంటకం పోమ్‌ను డబ్బాకెత్తించింది, వీధి వీధంతా తిరిగి చెప్పుకుంది. విమానాశ్రయంలో అద్దాల తలుపు దాకా రోషెల్ బాగానే నడిచింది. అక్కడ పెట్టె దించి, దాని మీద కూర్చుంది.

"నేను వెళ్ళను."

"ఏంటే, గాలి సోకిందా? లే!"

"అక్కడ గోలు వెనక ఎవరుంటారు పెద్దమ్మా? వాళ్ళు నన్ను తీసుకున్నదే పెనాల్టీలకి. కొట్టేది నేను కాదు, నువ్వు. నువ్వు రాని రోజు ఏమైందో తెలుసుగా."

"బంతి పైకి లేపావు. అంతే."

"నువ్వూ రా. లేదంటే ఇద్దరం ఇక్కడే ఉందాం. ఇక్కడే ఆడుకుంటా."

"నాకు కొట్టుంది, ఇద్దరు కూతుళ్ళున్నారు. ఆ చలిలో నాకేం పని? నీకు మాత్రం పనుంది. లేవే."

"లేవను."

ప్రయాణికులకు ఆఖరి పిలుపు వినబడింది. వెనక వరసలో ఎవరో "కాస్త జరుగుతారా తల్లీ" అని విసుక్కున్నారు. రోషెల్ పెట్టెను ఇంకా గట్టిగా పట్టుకుంది. మొండితనంలో ఆమె అచ్చం పెద్దమ్మే.

 పెద్దమ్మ రెండు చేతులూ తల మీదికి ఎత్తి, పిన్నులు ఒక్కొక్కటే లాగేసింది. ఏ పెళ్ళిలోనూ, ఏ చావులోనూ నలుగురిలో తలగుడ్డ తీయని మనిషి. నెరిసిన జుట్టు బయటపడింది. మడతలన్నీ విప్పి, గుడ్డను రోషెల్ ఒళ్ళో వేసింది.

"చూడు. ఇందులో ఏముంది?"

"ఏముంది... గుడ్డ."

"అంతే. మూడేళ్ళూ అంతే. కొట్టిందంతా నువ్వే."

"మరి మడమలు? నువ్వు చూసి చెప్పేదానివి కదా!"

పెద్దమ్మ చెయ్యి గాల్లో వెతికి వెతికి రోషెల్ భుజాన్ని పట్టుకుంది. పట్టుకుని, అద్దాల తలుపు వైపు లేవనెత్తింది.

"మూడేళ్ళుగా నాకు గోలుపోస్టే కనబడటం లేదే, పిల్లా."