చర్చికి పోయే దారి

"ఇది దేవుడి స్థలం. బురద బూట్లతో తొక్కనివ్వను!" అంటూ పెరటి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు మెర్విన్ టక్‌వెల్.

గేటు బయట నడక సంఘం వాళ్ళు పన్నెండుమంది. ఇంగ్లండులో రాజులు మారతారు గాని కాలిబాట మారదు; ఎవరి స్థలంలోంచి పోయినా దానిమీద నడిచే హక్కు జనానిదే. మెర్విన్ పెరట్లో కంచె పక్క అలాంటిదే మూడడుగుల బాట ఉంది.

"దేవుడెప్పుడొచ్చాడండీ? పోయిన ఆదివారం గులాబీలేగా ఉన్నాయి!" అంది సంఘం పెద్ద మాడ్జ్.

"తొమ్మిదొందల ఏళ్ళ కిందటే వచ్చాడు. ప్లేగుకి ఊరు పోయింది, చర్చి కూలింది. నా దగ్గర రుజువులున్నాయి."

నిజంగానే ఉన్నాయి. క్రిస్మస్‌కి కూడా చర్చి గడప తొక్కని మనిషి, ఆర్నెల్లు రికార్డుల గదిలో దుమ్ము పీల్చి పాత పటం సంపాదించాడు. గులాబీలు పీకి పునాది రాళ్ళు బయటపెట్టాడు. చర్చి దొరికితే పుణ్యం, జనం రాకపోతే పురుషార్థం.

"మనింటికి టీకే ఎవరూ రారు. వచ్చే ఈ నాలుగు బూట్లనీ ఆపుతావేంటి?" అంది భార్య డోరీన్.

కౌన్సిల్ నుంచి కాలిబాటల అధికారి మిస్ పెన్‌ఫోల్డ్ వచ్చింది. పటం చూసింది. టేపు పట్టింది. రాళ్ళు తట్టింది.

"అనుమానమే లేదు టక్‌వెల్ గారూ. ఆ చర్చి ఇదే!"

"విన్నారా?" అని కంచె అవతలున్న నడక సంఘానికి కేకేసి, అధికారివైపు తిరిగాడు మెర్విన్. "మరి ఈ బాట మూసెయ్యొచ్చుగా?"

"హాయిగా మూసెయ్యండి. అది మధ్యలో పుట్టిన అడ్డదారి. అసలు బాట మీ పటంలో ఉందిగా, వీధిలోంచి తిన్నగా! ఒకసారి బాటైతే ఎప్పటికీ బాటే. పైగా శవాల్ని మోసుకొచ్చిన దారి. పెట్టెతో ఆరుగురు పట్టేంత వెడల్పుండాలి."

మెర్విన్ పటం అందుకుని ఆ దారి వెంట వేలు జరిపాడు. "ఎందాకా?"

"చర్చి గుమ్మం దాకా."

"ఆ గుమ్మం... ఎక్కడ?"

మిస్ పెన్‌ఫోల్డ్ మళ్ళీ టేపు విప్పి, రాళ్ళ దగ్గర్నుంచి ఇంటివైపు నడిచింది.

ఆదివారం మధ్యాహ్నం మెర్విన్ భోజనానికి కూర్చుని కాల్చిన మాంసం కోస్తుంటే, వీధి తలుపు తోసుకుని పన్నెండుమందీ లోపలికొచ్చారు.

"లేవకండి, తినండి తినండి," అంది మాడ్జ్. "మా హక్కు ఈ బల్ల దాకే."