ప్యాకప్ దాకా

పెట్టెలో ఉన్న పదిహేడు ఫోన్లలో ఒకటి ఏడోసారి వెలిగింది.

మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే షూటింగ్ అది. చీమ చిటుక్కుమన్నా టేక్ పాడవుతుంది. అందుకే పొద్దున్నే అందరి ఫోన్లూ నోరు నొక్కి ఆ రేకుపెట్టెలో పడేస్తారు. అందరికంటే ముందు ప్రొడ్యూసర్ తనది వేస్తాడు. పెట్టెకి కాపలా ప్రొడక్షన్ మేనేజర్. ఆ అమ్మాయి పనిలో చేరి పన్నెండు రోజులైంది.

వెలిగిన ఫోన్ డైరెక్టర్‌ది. తెరమీద ‘ఇల్లు’ అని ఉంది. అది ఆరగానే అడుగునున్న ప్రొడ్యూసర్ ఫోన్ వెలిగింది. ఆయనకి ఫైనాన్షియర్ల గోల రోజూ ఉండేదే. దాన్ని వదిలేసింది. ఎనిమిదోసారి ‘ఇల్లు’ వెలగగానే వరండా చివరికి తీసుకెళ్ళి ఎత్తింది.

పక్కింటావిడ మాట్లాడింది. పొద్దున పాలు తీసుకెళ్తే పెద్దావిడ లేవలేదట. డాక్టర్ వచ్చి చూసి, నిద్రలోనే ప్రాణం పోయిందన్నాడట. తొందరగా రమ్మని చెప్పమంది.

మేనేజర్ గుమ్మం దాకా పరుగెత్తింది. తరగతి గదిలో డైరెక్టర్ మోకాళ్ళమీద కూర్చుని కెమెరాలోంచి చూస్తున్నాడు. అతని మొదటి సినిమా. చివరి సీను. పాడుబడ్డ ఈ బడిని రేపు పొద్దున కూల్చేస్తారు. కిటికీలోంచి పడే ఎండ నాలుగు దాటితే ఉండదు. ఇవాళ అవకపోతే ఈ సినిమాకి ముగింపు లేదు.

ఆమె ప్రొడ్యూసర్ దగ్గరికి నడిచింది.

ఆయన కథ ఆమె చేరిన రోజే ఆయనే చెప్పాడు. సినిమా హాల్లో టికెట్లు చింపడంతో మొదలుపెట్టాడు. తర్వాత ఇరవై రెండేళ్ళు ఎవరెవరి సినిమాలకో మేనేజర్. జుట్టు నెరిశాక సొంతంగా దిగాడు. “నా మొదటి సినిమా మొత్తం చూసింది నేనొక్కడినే. ఆపరేటర్ కూడా సగంలో నిద్రపోయాడు,” అని తనే నవ్వాడు. రెండోది మూడు రోజులాడింది. ఇది మూడోది. ఇదీ పోతే మళ్ళీ హాలు గేటు దగ్గరికే పోవాలి, కానీ ఇప్పుడక్కడ టికెట్లు చింపే ఉద్యోగమూ లేదన్నాడు. ఆ నవ్వు చూసి మంచి మనిషే అనుకుంది.

ఇప్పుడు ఆయన చెవిలో సంగతి చెప్పింది.

ప్రొడ్యూసర్ కిటికీలో ఎండ వంక చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు.

“నిద్రలోనేనా?” అన్నాడు.

“అవునట సార్.”

“ప్యాకప్ దాకా అతనికి చెప్పొద్దు.”

“కన్నతల్లి సార్.”

ఆయన ఆమెని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి పాత సంగతొకటి చెప్పాడు. ఆయన మేనేజర్‌గా చేసిన తొలి సినిమాలో ఒక నటుడి తండ్రి పోయాడు. కబురు అందగానే ఈయనే షాట్ మధ్యలో పరుగెత్తుకెళ్ళి చెప్పేశాడు. ఆ సాయంత్రానికి అయిపోవాల్సిన షూటింగ్ వదిలేసి నటుడు వెళ్ళిపోయాడు. ఆ వారమే గాలివానకి సెట్టు కూలింది. సినిమా అక్కడితో ఆగిపోయింది. పదేళ్ళ తర్వాత ఆ నటుడు ఒక చెప్పుల కొట్లో, ఎవరి కాళ్ళకో కొలత చూస్తూ కనిపించాడు.

“ఏమన్నాడో తెలుసా? సాయంత్రం చెప్పుంటే ఆ రోజు మా నాన్న ఒక్కడే పోయుండేవాడు కదన్నా, అన్నాడు.”

మేనేజర్ మనసు కరగలేదు. పని గడవడానికి ఎన్ని కథలైనా చెప్తారు. మూడో సినిమా కూడా పోతుందన్న భయం తప్ప ఆ మొహంలో ఆమెకి ఇంకేమీ కనబడలేదు.

“నాలుగున్నరకి గేటు దగ్గర కారుండాలి,” అన్నాడాయన. “వెనక రెండు సీట్లు ఖాళీగా ఉంచు.”

తోడుగా ఎవరినో పంపుతాడు కాబోలు. ఆ మాత్రం దయైనా ఉంది.

లోపల తల్లి వేషం వేసిన ముసలావిడకి అన్నం డబ్బా అందించే తీరు కుదరడం లేదు. ఐదు టేకులయ్యాయి. డైరెక్టర్ లేచి వెళ్ళి డబ్బా తన చేతిలోకి తీసుకున్నాడు.

“అలా కాదమ్మా. మా అమ్మ డబ్బా ఇచ్చాక కూడా మూతమీంచి అరచెయ్యి తియ్యదు. గంట కొట్టేలోపు చల్లారిపోతుందేమోనని అమ్మకి బెంగ.”

నవ్వుతూ చేసి చూపించాడు. అందరూ నవ్వారు. మానిటర్ ముందున్న ప్రొడ్యూసర్ మాత్రం లేచి బయటికి వచ్చేశాడు. కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాడు.

“ఎండ మండిపోతోంది,” అన్నాడు, ఆమె అడక్కపోయినా.

ఆమె చెప్పేద్దామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళింది. డైరెక్టర్ మొహంలో వెలుగు చూసి రెండుసార్లూ వెనక్కి వచ్చింది. ఈ పాపంలో తనకీ వాటా ఉంది. సాయంత్రమే పని మానేయాలని నిశ్చయించుకుంది. రాయితోనైనా కలిసి పనిచేయొచ్చు కానీ ఈ మనిషితో తన వల్ల కాదు.

మూడూ యాభైకి, పదకొండో టేకులో, ముసలావిడ చెయ్యి మూతమీదే ఆగిపోయింది. డైరెక్టర్ కట్ చెప్పడం మరిచిపోయాడు. లైట్‌మన్ ఒకడు కళ్ళు తుడుచుకుని చప్పట్లు మొదలుపెట్టాడు.

“ప్యాకప్,” అన్నాడు ప్రొడ్యూసర్.

డైరెక్టర్ పరుగున బయటికొచ్చాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది.

“అయిపోయింది. అనుకున్నట్టే వచ్చింది.” మేనేజర్ వైపు చెయ్యి చాచాడు. “నా ఫోన్ ఇవ్వండి. ముందు అమ్మకి చెప్పాలి.”

ఆమె చేతిలోనే ఉంది ఫోన్. ఇవ్వలేకపోయింది.

ప్రొడ్యూసర్ ఆ చాచిన చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. డైరెక్టర్‌ని పిల్లల బల్లమీద కూర్చోబెట్టి, నీళ్ళ గ్లాసు అందించి, అతను తాగడం పూర్తయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. మేనేజర్ తల తిప్పేసుకుంది.

“పదరా తమ్ముడూ,” అన్నాడు ప్రొడ్యూసర్, “మన అమ్మ పోయింది.”