జ్యూరీ చూసిన చేతులు

కాలువ పడవ రేవుకు తగలకముందే రంగనాయకులుకు గట్టు మీద పేరమ్మ కనిపించింది. ఆమె ఆయన్ను చూడలేదు. ఆయన వెనక పడవలో ఉన్న ఉప్పు బస్తాలనూ, వాటి మీద కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళనూ చూసి తల దించుకుంది.

“ఒక్కరే వచ్చినారా వకీలయ్యా?”

“ఇంకెవరొస్తారు పేరమ్మా? ఓడిన వకీలు వెంట గుమాస్తా కూడా రాడు,” అన్నాడాయన.

నవ్వుతూ అన్నాడే గాని, కృష్ణపట్నంలో పడవెక్కినప్పటి నుంచీ ఆయన్ను తొలిచేస్తున్నది ఆ ఓటమే. నెల్లూరు కోర్టులో రంగనాయకులు నోటికి ఎదురులేదని పేరు. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది, అదే వచ్చిన చిక్కు. మాల్యాద్రి తరఫున పట్టిన కేసు నల్లేరు మీద బండి నడక అనుకున్నాడు.

మాల్యాద్రి, పేరమ్మ మొగుడు చెంచయ్య ఒకే తెప్ప మీద వేటకు పోయారు. మాల్యాద్రి ఒక్కడే తిరిగొచ్చాడు. గాలికి తెప్ప తిరగబడి చెంచయ్య కొట్టుకుపోయాడన్నాడు. ఇద్దరికీ వల దగ్గర తగాదా ఉంది, చంపి సముద్రంలో తోశాడన్నారు పోలీసులు. శవం మాత్రం దొరకలేదు.

రంగనాయకులు పట్టుకున్నది ఆ కొసే. కొట్టుకుపోయినవాళ్ళు అరవదేశం పడవలకు చిక్కి నెలల తరవాత ఇల్లు చేరడం ఈ తీరానికి కొత్త కాదు. పైగా పేరమ్మ గాజులు తీయలేదు. మేజిస్ట్రేటు ముందు ఎర్రగాజుల చేతులతోనే నిలబడింది. పెళ్ళామే నమ్మని చావును జ్యూరీ ఎట్లా నమ్ముతుంది?

సెషన్సులో పేరమ్మ సాక్ష్యం చెప్పాక ఆయన లేచాడు. ఆమె వంక చూడనైనా చూడకుండా, జ్యూరీ వైపే తిరిగి, “అమ్మా, ఒకసారి చేతులెత్తి ఈ అయ్యలకు చూపించు,” అన్నాడు. ఐదుగురి ముఖాలూ మారిపోయాక గాని ఆయన వెనక్కి తిరగలేదు. రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. బోనులో మాల్యాద్రి ఆ చేతుల వంకే చూస్తూ ఉండిపోయాడు. పాపం, వాడికి ఉరితాడు కనిపిస్తున్నట్టుంది అనుకున్నాడు రంగనాయకులు.

ఐదుగురూ ఒకే మాటగా దోషి అన్నారు. జడ్జి యావజ్జీవం వేశాడు. జ్యూరీ పెద్దగా కూర్చున్న వెంకటాచలం ఊరి రైతు కామాక్షయ్య కోర్టు మెట్ల మీద ఎదురుపడి, “మీరు బాగానే చెప్పినారు. పెండ్లామే గాజులు తీసినాక మేమేం చేసేది వకీలు గారూ?” అన్నాడు.

ఆనాటి నుంచి రంగనాయకులుకు తిన్నది ఒంటబట్టడం లేదు. ఏ పని చేస్తున్నా ‘నిర్దోషి’ అనే ఒక్క మాట వినాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఏ తప్పూ చేయని కుర్రాడు తన నోటి దురుసు వల్ల జైలు పాలయ్యాడని ఆయన బాధ. హైకోర్టు అప్పీలుకు ఒక్క గడ్డిపోచైనా దొరక్కపోతుందా అనే ఇంత దూరం వచ్చాడు.

పేరమ్మ గుడిసె ముందే సముద్రం. ఊళ్ళో అందరి మంచాలూ సముద్రం వైపే ఉంటే ఆమె మాత్రం పెరట్లో, కాలువకు ఎదురుగా మంచం వేసింది. మొగుణ్ణి మింగిన నీళ్ళను ఏ ఆడది చూడగలదు అనుకుని ఆయన కూర్చున్నాడు.

“ఆ మనిషిని యాడ పెట్టినారయ్యా?” అంది పేరమ్మ.

“మాల్యాద్రినా? రాజమండ్రి జైల్లో.”

“ఆడ సముద్రం ఉందా?”

“గోదావరి ఉంది.”

“లోపల్నించి కనపడతాదా?”

“జైల్లో గోడలు కనపడతాయమ్మా.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పగ తీరిందన్న తృప్తో, తీరలేదన్న ఏడుపో ఆయనకు తెలియలేదు.

“జరిగిందేదో జరిగింది. నీచేత గాజులు ఎవరు తీయించారు? పోలీసులా, మీ కులపెద్దలా? భయపడకుండా చెప్పు. బలవంతాన తీయించారని రుజువైతే పై కోర్టు మళ్ళీ ఆలోచిస్తుంది.”

“నిజమే చెప్పాలా?”

“నిజమే చెప్పాలి. కట్టుకథలు అక్కడ నిలవవు.”

“ఎవురూ తియ్యమనలేదయ్యా. నేనే తీసుకున్నా,” అంది పేరమ్మ.

“దుఃఖం పట్టలేకా?”

“కాదయ్యా. గాజులు తీసిన మూణ్ణెల్లకు గాని మా పెద్దోళ్ళు మారుమనువుకు ఒప్పుకోరు. ఎంత బిన్నా తీస్తే అంత తొందరగా గడువు తీరతాదని, నెల్లూరికొచ్చే ముందు రోజు తీసుకున్నా. కోర్టోళ్ళు చేతులు చూస్తారని నాకేం తెలుసు?”

రంగనాయకులుకు ఒళ్ళు మండింది. తన పరువు పోతే పోయింది. ఈమె మనువు తొందరకు ఒక మనిషి బతుకు బుగ్గయిపోయింది.

“మొగుడు ఏమైనాడో తెలియకముందే మారుమనువా? నీ తొందర ఆ మాల్యాద్రిని ఏం చేసిందో తెలుసా నీకు?”

“తెలుసయ్యా.” ఆమె కళ్ళు కాలువ మీదే ఉన్నాయి. “గడువింకా నెలుంది. దినామూ పడవలన్నీ చూస్తానే ఉండా.”

ఆయన లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఇక ఇక్కడ చేయగలిగింది లేదు. పోతూ పోతూ మనసులోని కసి ఆగక అడిగాడు.

“ఇంతకీ నిన్ను చేసుకోబోయే ఆ మహారాజెవరు?”

“మాల్యాద్రేనయ్యా.”