ఫోన్ రాలేదు

"సార్, నన్ను ఆనేకల్‌కి పోనియ్యండి. నా పెండ్లాం ఆ షెడ్డులోనే ఉండాది!"

"ముందు డిష్ సరిచెయ్ శివా. ఫ్యాక్టరీ కంప్యూటర్లు పొద్దున్నుంచి ఈడుస్తున్నాయి. మధ్యాహ్నం నాకు మీటింగుంది," అన్నాడు మేనేజర్ అశోక్‌కుమార్.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆఫీసు మిద్దె మీద, ఆనేకల్ ఫ్యాక్టరీ వైపు తిరిగి ఉన్న డిష్ కింద నిలబడి శివ బతిమాలుతున్నాడు. నిన్నటి నుంచి ఫ్యాక్టరీ షెడ్డులో గ్యాస్ వాసన వస్తోందని పొద్దున బస్సెక్కుతూ మమత చెప్పింది. లోపలికి పోయేవాళ్ల సెల్‌ఫోన్లు లాక్కుంటారు, వాచ్‌మన్‌దీ వదలరు. షిఫ్టు మధ్యలో షెడ్డు తలుపు తీయాలంటే అశోక్‌కుమార్ ఫోన్లో సరేననాలి. అనకుండా తీస్తే వాచ్‌మన్ ఉద్యోగం ఊడినట్టే. ఇదెక్కడి రూలో ఆ దేవుడికే తెలియాలి!

"వాసన ముదిరితే షెడ్డు ఫోన్ నుంచి ఇక్కడికి చేస్తానంది కదా? చేసిందా?"

"ఇంకా లేదు సార్."

"మరింకేం?" అంటూ అశోక్‌కుమార్ దిగిపోయాడు.

మెట్ల దగ్గర ఆపరేటర్ జరీనా నిలబడి ఉంది. "నేను ఫోన్ దగ్గరే కూర్చోనుంటా శివన్నా. మోగితే కేకేస్తా."

ఆ మాటతో శివకు కాస్త ధైర్యం వచ్చింది. కాళ్లకు అడ్డంపడిన పాత కేబుల్ చుట్టను పక్కకు తన్ని, డిష్‌కు పవర్ ఆపి, స్తంభం ఎక్కాడు. గాలికి డిష్ పక్కకు జరిగి ఉంది. తుప్పు పట్టిన నట్లు ఓ పట్టాన కదలడం లేదు. చేతులు పనిలో ఉన్నాయే గానీ ప్రాణమంతా ఆనేకల్‌లోనే ఉంది.

"జరీనా! ఫోన్ వచ్చిందా?"

"లేదన్నా!"

ఇంకో నట్టు వదిలింది.

"ఇప్పుడు?"

"లేదన్నా! పొద్దున్నంతా ఒకటే మోత. నువ్వెక్కినాక ఒక్కటీ రాలా. అంతా బాగనే ఉండాదిలే!"

హమ్మయ్య! వాసన పోయినట్టుంది. ఏమైనా సరే, రేపట్నుంచి మమతను ఆ పని మాన్పించాలి. తొందర తగ్గి, డిష్‌ను నిదానంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆనేకల్‌కు గురిపెట్టాడు. కిందికి దిగి పవర్ వేశాడు.

ఆ వెంటనే కింద ఫోన్ మోగింది.

శివ చెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది. చూపు పాత కేబుల్ చుట్ట మీద పడింది. ఇకనుంచి ఫోన్ మాటలూ, కంప్యూటర్ లెక్కలూ రెండూ డిష్‌లోనే పోతాయి కదా, ఇంకా ఈ టెలిఫోన్ తీగలెందుకని పోయిన వారం దాన్ని పీకి చుట్టింది తనే.

జరీనా మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుంది.

"ఎవురు? మమతేనా?"

"వాచ్‌మన్ శ్రీనివాసప్ప. షెడ్డు తలుపు పగలగొట్టినారంటన్నా... రిసీవర్ ఇప్పుడే ఆమె చేతిలోంచి తీసినాడంట."