క్షమించిన తల్లి

"కొడుకును పొట్టన పెట్టుకున్నవాడికి వారం వారం రొట్టెలా! పంచదార అప్పడిగి ఎగ్గొట్టిన పక్కింటావిడనే మా ఆవిడ ఇంతవరకు క్షమించలేదమ్మా," అంటూ జైలు వార్డరు డబ్బా మూత తీసి, చూసి, తిరిగి ఇచ్చాడు.

లాండ్రీ యజమానురాలు డబ్బా పట్టుకుని ములాఖత్ గదిలోకి నడిచింది. ఆమె ప్రస్తావన లేకుండా పాదిరిగారు క్షమాపణ మీద ప్రసంగించి ఎరుగరు. ఆ పొగడ్తకు ఆమె తల దించుకునేది. దాన్నీ జనం వినయం కింద జమకట్టారు.

లాండ్రీలో బాయిలరు పేలి ఆమె ఒక్కగానొక్క కొడుకు పోయాడు. మిగులు ఆవిరిని వదిలే వాల్వును ఆ ఉదయం పరీక్షించడం మరిచాననీ, నేరం తనదేననీ బాయిలరు మేస్త్రి కోర్టులో ఒప్పుకున్నాడు. శిక్ష పడింది.

ఇనుప వల అవతల మేస్త్రి నవ్వుతూ లేచి నిలబడ్డాడు.

"మోకాళ్లు ఎలా ఉన్నాయి అమ్మగారూ? మీరు మెట్లెక్కకండి. బట్టలు మా తమ్ముడు దించుతాడు."

"ముందు రొట్టె తిను నాయనా."

"ఇవాళ వద్దండీ. చిన్నబాబు పుట్టినరోజు కదా, ఉపవాసం ఉన్నాను. మీకు మనశ్శాంతి ఇవ్వమని పొద్దుట్నుంచీ ప్రభువునే అడుగుతున్నాను."

ఆమె ఇనుప వలను గట్టిగా పట్టుకుంది. అతను తిట్టి ఉంటే ఓర్చుకునేది. శపించి ఉంటే గుండె ఇంకా రాయి చేసుకునేది. ఈ మంచితనానికి మాత్రం ఆమె దగ్గర విరుగుడు లేదు.

"నువ్వేమీ మరిచిపోలేదయ్యా."

"మెల్లగా అమ్మగారూ! వార్డరు వింటాడు."

"విననీ! నువ్వు భోజనానికి వెళ్లావు. ఆసుపత్రి దుప్పట్లకు తొందర. ఆవిరి చాలడం లేదని వాల్వు తెరుచుకోకుండా ఇనుప తీగతో బిగించి కట్టింది నేనే. నా బిడ్డను నా చేత్తోనే చంపుకున్నాను. ఆపైన నిన్ను ఇక్కడికి పంపాను. అధికారులు చూసేసరికి వాల్వుకు తీగ లేదు. పేలుడులో ఎగిరిపోయిందనుకుని నోరు మూసుకున్నాను. ఇక నావల్ల కాదు. ఇక్కణ్ణుంచి తిన్నగా జడ్జిగారి దగ్గరికే వెళ్తాను."

మేస్త్రి వలకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"పేలగానే, ఎవరూ రాకముందే ఆ తీగ విప్పి పారేసింది నేనేనమ్మా."